మనవడి మాట గురించి

అమ్మాయికి ఆశీస్సులు.

బాబుకు మాట తడబడుతోందని, అది నా పోలికేనేమోనని బెంగపెట్టుకున్నావు. పోలికే కావచ్చు. నత్తి కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. అంతమాత్రాన నీ పెంపకంలో లోపం లేదు, వాడు పిరికివాడూ కాదు. మాటకు కావలసిన కదలికలను మెదడు సమయానికి కుదిర్చే తీరులో ఉండే తేడా అది. నన్ను చూసి నేర్చుకున్నాడని మీ అత్తగారు అన్నారట. నత్తి అలా అంటుకోదు. అయినా ఆవిడతో వాదించకు, గెలవలేవు.

ఇది ఎక్కువగా రెండేళ్లకూ అయిదేళ్లకూ మధ్య మొదలవుతుంది. నూటికి అయిదుగురు పిల్లల్లో కనిపించినా, చాలామందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాక నూటికి ఒకరికి మిగులుతుంది. కుటుంబంలో ఉంటే, అందులోనూ మగపిల్లలకు, నిలిచిపోయే అవకాశం ఎక్కువ. అందుకని "అదే పోతుందిలే" అని కూర్చోకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించు. నాలుక కింద కోయిస్తే పోతుందని ఎవరైనా అంటే వినకు.

ఇక ఇంట్లో. "నిదానంగా చెప్పు", "ఊపిరి తీసుకుని చెప్పు" అనకండి. నాకు అందరూ అదే చెప్పేవారు. ఏం చెప్పాలో తెలియక ఆగేది కాదమ్మా. మాట సిద్ధంగా ఉంటుంది, మూసుకున్న పెదవులే విడిపడవు. అప్పుడు పక్కవాళ్లు మాట అందిస్తే అది వాళ్ల మాటైపోతుంది. కష్టమైన మాటను తప్పించి మరో మాట వేయడంలో నేను ఆరితేరాను. కానీ పేరు అడిగితే బదులు మాట ఎక్కడ తేను? ఇప్పటికీ నా పేరు దగ్గరే ఎక్కువ ఆగుతాను.

వాడు ఎంతసేపు తీసుకున్నా వాక్యం వాడినే పూర్తి చేయనివ్వు. విన్నాక ఒక్క క్షణం ఆగి జవాబివ్వు. నిదానించాల్సింది వాడు కాదు, నువ్వు. ప్రశ్న మీద ప్రశ్న వేయకు. అక్క మధ్యలో అందుకుంటే, ముందు తమ్ముణ్ణి ముగించనిమ్మను. ఇంటికొచ్చిన వాళ్ల ముందు ఏదైనా చెప్పి వినిపించమనకు. పాట మాత్రం పాడమను, పాడేటప్పుడు నత్తి దాదాపు రాదు. కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరిగితే కంగారుపడకు, దాని నడకే అంత. "నా మాట ఎందుకు ఆగుతోంది?" అని వాడే అడిగితే దాచకు. "కొన్ని మాటలు ఆగి వస్తాయి, తాతయ్యకూ అంతే" అని చెప్పు.

థెరపిస్టు ఎప్పుడు రమ్మన్నదీ తెలిస్తే చెప్పు, నేనూ వస్తాను. కుటుంబంలో ఎవరికైనా ఉందా అని తప్పక అడుగుతారు. ఆ జవాబు నేనే చెబుతాను, కాస్త ఆలస్యమైనా.

నాన్న