పడినవారికి తలుపు మూయవద్దు

సంపాదకులకు నమస్కారం.

బొబ్బిలి సమీపంలోని మా క్రైస్తవ సంఘంలో, తాగుడు మాని మళ్లీ జారిపోయిన ఒక యువకుణ్ణి ప్రభువు బల్లకే (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికే) కాదు, ఆదివారం ఆరాధనకు కూడా రావద్దని పెద్దలు చెప్పడం నన్ను ఎంతో బాధించింది. తనను ఎరుగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురును యేసు తిబెరియ సముద్రతీరాన భోజనానికి పిలిచి, 'నన్ను ప్రేమించుచున్నావా' అని మూడుసార్లు అడిగి, తన గొర్రెలను, అంటే తన విశ్వాసులను, అతనికే అప్పగించాడని యోహాను సువార్త 21వ అధ్యాయం చెబుతున్నది. ఆ ప్రశ్నలో నింద లేదు. తప్పును కప్పిపుచ్చడమూ లేదు, మూడోసారి పేతురు నొచ్చుకున్నాడు కూడా. క్రమశిక్షణ అవసరమే, కాదనను. అయితే మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడని రోమా పత్రిక 5వ అధ్యాయం పలుకుతుండగా, బాగుపడిన తరువాతే రమ్మనే అధికారం మనకెక్కడిది? పెద్దలు ఈ ఆదివారమైనా ఆ యువకుడి ఇంటికి వెళ్లి అతణ్ణి పిలుచుకురావాలని వేడుకుంటున్నాను.

— ఒక సంఘ సభ్యురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా