పెద్ద టర్బో బిగించగానే పని పూర్తికాదు

సంపాదకులకు నమస్కారం.

కంపెనీ ఇచ్చిన టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) తీయించి పెద్దది వేయించుకునే కారు ప్రియులు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు; నిరుడు నేనూ ఆ పని చేశాను. నా ఆక్టావియా ఆర్‌ఎస్‌కు కొత్త టర్బో అమర్చిన గ్యారేజీవారు పాత ఆయిల్ పైపునే తిరిగి బిగించి, బేరింగుల్లోకి ముందుగా ఆయిల్ ఎక్కించకుండానే ఇంజన్ స్టార్ట్ చేశారు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో షాఫ్టు (ఇరుసు) పలుచని ఆయిల్ పొర మీదే తేలుతుంది కనుక, ఆ పొర లేని కొన్ని క్షణాలే దాన్ని అరగదీయడానికి చాలు. మూడు వారాలకు, ఆయిల్ కాలుతోందనడానికి గుర్తుగా నీలం పొగ మొదలైంది. పైపు విప్పితే లోపల బొగ్గులా గట్టిపడిన మడ్డి కనిపించింది.

ట్యూనింగ్ (కొత్త టర్బోకు తగ్గట్టు ఇంజన్‌ను సర్దడం) సంగతి ఇంకా సున్నితమైనది. మామూలు నడకలో బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతుంది గానీ, టర్బో గాలిని గట్టిగా నెట్టే పూర్తి బూస్టులో దాన్ని దాదాపు 12కు దించాలి. ఇంజెక్టర్లు, ఇంధన పంపు అందుకు చాలకపోతే ఈసీయూలో (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరులో) ఎన్ని అంకెలు మార్చినా నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి సిలిండర్లో పేలడం) వచ్చి పిస్టన్లు దెబ్బతింటాయి. 95 ఆక్టేన్‌కు (పెట్రోలు నాకింగ్‌ను తట్టుకునే స్థాయికి కొలత) రాసిన ఈసీయూ మ్యాప్‌తో, అంటే సెట్టింగులతో, 91 ఆక్టేన్ పెట్రోలు పోయడమూ అంతే ప్రమాదం. ఇంజన్ శక్తిని కొలిచే డైనో యంత్రం మీద హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూపిస్తే అది పెళ్లిచూపుల ఫొటో వంటిది. గాలి-ఇంధన నిష్పత్తి, నాకింగ్ రికార్డులు కూడా అడగాలి.

రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టూ అదే స్పష్టం చేసింది. నా కారుకు మళ్లీ పాత టర్బోనే వేయించాను. రేస్ ట్రాక్‌కే పరిమితమైన కార్లకైనా రవాణాశాఖ ఒక తనిఖీ పద్ధతి ఏర్పరచాలని నా మనవి.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్