బుట్ట వాళ్లదే అయినా తాళం మన దగ్గరుండాలి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పుస్తకాలు అమ్ముడుపోవాలంటే ఆన్‌లైన్‌లోకి రావాల్సిందేనని మీ పత్రికలో తరచూ రాస్తుంటారు. కాదనను. కానీ అలా వచ్చేటప్పుడు మాలాంటి చిన్నవాళ్లకి ఎక్కడ కాలు జారుతుందో ఎవరూ రాయడం లేదు. మాది తెనాలిలో ఓ చిన్న సాహిత్య సంస్థ. పాతికమంది సభ్యులం, అచ్చులో ఉన్నవి 22 పుస్తకాలు, ఎక్కువగా పిల్లలవి. పేరుకి నేను కోశాధికారిని, చేసేది మాత్రం అట్టపెట్టెకి టేపు అంటించడం దగ్గర్నుంచి పోస్టాఫీసు లైన్లో నిలబడడం దాకా అన్నీ. ఈమధ్యే మా వెబ్‌సైట్‌కి షాపింగ్ కార్ట్, అంటే కొనేవాళ్లు పుస్తకాలు వేసుకుని అక్కడే డబ్బు కట్టే బుట్ట, పెట్టాం. ఆ గొడవే రాస్తున్నాను.

అంతకుముందు మా వెబ్‌సైట్‌లో పుస్తకాల జాబితా, దాని కింద నా ఫోన్ నంబరు, అంతే. పాఠకులు నా ఫోన్‌కి డబ్బులు కొట్టి, స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టి "పంపండి సార్" అనేవారు. ఏ పుస్తకం, ఏ ఊరు, పిన్‌కోడ్ ఎంత, అన్నీ మళ్లీ నేనే అడగాలి. ఒకసారి 240 రూపాయలు పడ్డాయి, స్క్రీన్‌షాట్ లేదు, మెసేజీ లేదు, పంపినాయన పేరు చూస్తే మాకెవరికీ తెలియదు. పది రోజుల తర్వాత ఒకావిడ ఫోన్ చేసి "మా ఆయన ఫోన్లోంచి కొట్టాను కదండీ, పుస్తకాలేవీ?" అని కడిగేసింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆ డబ్బంతా నా సొంత ఖాతాలో పడేది. ఆడిటర్ గారు ఒకటే అడిగారు: "మాస్టారూ, ఇది మీ పెన్షనా, సంఘం సొమ్మా?" ఆ రోజు నిద్ర పట్టలేదు.

సరే కార్ట్ పెడదామనుకున్నాక మొదట ఒక వెబ్‌సైట్ల కంపెనీ వాళ్లొచ్చారు. మీకే ప్రత్యేకంగా కార్ట్ తయారుచేసి మీ సర్వర్‌లోనే పెడతాం, 60 వేలవుతుంది, ఏడాదికి మెయింటెనెన్స్ వేరే అన్నారు. మేం నెలకి అమ్మేది ముప్ఫై, నలభై పుస్తకాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? డబ్బు సంగతి పక్కన పెట్టినా, జనం పేర్లూ చిరునామాలూ మా సర్వర్‌లో కూర్చుంటే వాటికి కాపలా ఎవరు? దొంగలు పడితే జవాబు చెప్పేది ఎవరు? కార్డు నంబర్లయితే మనం దాచుకోనే కూడదు. 2022 అక్టోబరు 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకూ, వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్కూ తప్ప ఇంకెవరూ దాచకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మాట ఎత్తితే ఆ కంపెనీ అబ్బాయి ఫోన్‌లోకి చూసుకుంటూ కూర్చున్నాడు.

అందుకని అద్దె బుట్ట తీసుకున్నాం. హోస్టెడ్ కార్ట్ అంటే నాకు అర్థమైనంతవరకు అదే. మన పేజీలో వాళ్లిచ్చిన నాలుగు లైన్ల కోడ్ అతికిస్తే "కొనండి" అని బటన్ వస్తుంది. అది నొక్కినప్పట్నుంచి డబ్బు కట్టేదాకా జరిగేదంతా వాళ్ల కంప్యూటర్లలోనే. ఆర్డరు వివరం మనకి మెయిల్‌లో వస్తుంది, డబ్బు రెండు మూడు పనిదినాల్లో సంఘం ఖాతాలో పడుతుంది. షాపిఫై, ఇన్‌స్టామోజో లాంటివి చాలా ఉన్నాయి, ఎవరికి వీలైంది వాళ్లు చూసుకోవచ్చు. మా ఒప్పందంలో ప్రతి అమ్మకం మీద 2 శాతం, ఆ 2 శాతం మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే 150 రూపాయల పుస్తకానికి 3 రూపాయల 54 పైసలు పోతాయి. పోనివ్వండి, ఆ 240 రూపాయలావిడ దగ్గర తిన్న చీవాట్లతో పోలిస్తే చవకే. సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, సంఘం పేరున పాన్, తీర్మానం కాపీ, క్యాన్సిల్డ్ చెక్కు అడిగారు. మా పాన్‌లో సంఘం పేరు ఒక ఇంగ్లిష్ అక్షరం తేడా ఉండడంతో నెల రోజులు తిరిగాను, అది వేరే కథ.

బటన్ పెట్టడం ఒక పూట పని. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

మొదటి ఆర్డరు హైదరాబాద్ నుంచి. సంబరపడి తెరిచి చూస్తే 80 రూపాయల పిల్లల కథల పుస్తకానికి 18 శాతం పన్ను కలిపి 94 రూపాయల 40 పైసలు వసూలు చేసింది! అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. కార్ట్‌లో ముందుగానే పెట్టి ఉన్న పన్ను అది, మేం చూసుకోలేదు. ఆయనకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పి 14.40 వెనక్కి పంపాం. కాబట్టి ఎవరు కార్ట్ పెట్టినా ముందు తమ వస్తువు తామే ఒకటి కొని చూసుకోవాలి, నిజం డబ్బుతో, చివరి రసీదు దాకా. మేం తర్వాత అలా కొన్నప్పుడు ఇంకోటి బయటపడింది: పీడీఎఫ్ రసీదులో "స్త్రీ" అనే మాట ఒత్తులన్నీ ఊడిపోయి మూడు ముక్కలైంది. ఇప్పుడు పుస్తకం పేరు తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాస్తున్నాం. వెతికేవాళ్లలో సగంమంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు కాబట్టి అదీ కలిసొచ్చింది.

ఇంక పోస్టేజీ. పుస్తకాలు చవగ్గా పంపుకునే పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో పోయింది. పుస్తకాల కోసమే తపాలా శాఖ 2025 మే 1న తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ మాకు ప్రాణం పోసింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అక్కడి నుంచి బరువును బట్టి పెరుగుతూ 5 కిలోలకి 100, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రించినవాళ్ల పేరో ప్రచురించినవాళ్ల పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. కానీ మేం తెలివితక్కువగా కార్ట్‌లో "ఎన్ని కొన్నా పోస్టేజీ 25" అని పెట్టాం. ఆదిలాబాద్ నుంచి ఒక టీచరు గారు బడికని 19 పుస్తకాలు ఒకేసారి కొన్నారు. ఆవిడ్ని తప్పుపట్టలేం కదా, పెట్టింది మేం. ఆ ఆదివారం వంటింటి త్రాసు తెచ్చుకుని 22 పుస్తకాలూ ఒక్కొక్కటే తూచాను, అట్టపెట్టె బరువు విడిగా. ఒక్కో పుస్తకం బరువు కార్ట్‌లో ఎక్కించి, పోస్టాఫీసు వాళ్ల బరువు శ్లాబులకి సరిపోయేలా రేట్లు పెట్టాక ఆ తలనొప్పి తగ్గింది.

చాలా కార్టుల్లో "విరాళం" బటన్ కూడా ఉంటుంది, ఒక్క టిక్ కొడితే వచ్చేస్తుంది. మా కార్యదర్శి గారు ఉత్సాహంగా కొట్టేశారు, డాలస్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా అని. నేను తీయించాను. పుస్తకం కొంటే అది అమ్మకం. విరాళమైతే, అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాడు ఇచ్చినా అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా రూపాయి తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొమ్ము ఇస్తే ఆ లెక్కలోకి రాదు. ఎవరి దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో ఆ బటన్‌కి ఏం తెలుస్తుంది? మంచి మనసుతో ఇచ్చిన 50 డాలర్లు సంఘం మెడకి చుట్టుకుంటాయి. చిన్న సంస్థలవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుతున్నాను.

అన్నిటికీ మించి మమ్మల్ని ముంచబోయింది మా వెబ్‌సైట్ పేరే. ఎప్పుడో ఒక కుర్రాడు అభిమానంతో ఉచితంగా చేసిపెట్టాడు, ఆ పేరు, అంటే డొమైన్, తన మెయిల్‌తోనే తీసుకున్నాడు, ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అతని తప్పేం లేదు, మంచి పిల్లాడు. దాని గడువు పొడిగించుకోమనే రెన్యువల్ మెయిళ్లు అతను చూడని పాత ఇన్‌బాక్స్‌లోకి పోయాయి. కార్ట్ పెట్టిన రెండో నెలలో ఒక పొద్దున సైట్ తెరుచుకోలేదు. బుట్ట భద్రంగా ఉంది, డబ్బు భద్రంగా ఉంది, కానీ కొట్టుకి దారే లేదు. గడువు దాటాక ఇంకొన్ని రోజులు వెసులుబాటు ఉంటుంది కాబట్టి బతికాం. అతన్ని పట్టుకోవడానికి వాళ్ల మేనమామ ఇంటికి రెండుసార్లు వెళ్లాను. ఇప్పుడు డొమైన్, కార్ట్, పేమెంట్ ఖాతా అన్నీ సంఘం పేరున తీసిన ఒకే మెయిల్‌తో ఉన్నాయి, ఓటీపీ వచ్చే సిమ్ కూడా సంఘానిదే. పాస్‌వర్డులు రాసిన కవరు బీరువాలో మినిట్స్ బుక్ పక్కన పెట్టాం. ఎవరికి తెలియాలో తీర్మానంలో రాశాం.

ఫోన్ ఆర్డర్లు మాత్రం మానలేదండీ. పెద్దవాళ్లు కొందరికి ఆ బటన్లతో కుదరదు, నాతో రెండు మాటలు మాట్లాడితేగానీ పుస్తకం కొన్నట్టుండదు. వాళ్లకి ఇప్పుడు నా నంబరు కాదు, సంఘం ఖాతా క్యూఆర్ కోడ్ పంపుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్న సాహిత్య సంస్థ కోశాధికారి,
తెనాలి