టీడీఎస్ మీటర్ కి దొరకని బూజు గురించి, మా తప్పు కూడా

అందరికీ నమస్తే. మన దగ్గర వాటర్ ఫిల్టర్ సర్వీస్ చేయించుకునే వాళ్లంతా ఇది ఒక్కసారి పూర్తిగా చదవండి.

పోయిన నెల ఒక కస్టమర్ అక్క ఫోన్ చేసి నీళ్లు ముక్కిపోయిన వాసన వస్తున్నాయి తమ్ముడూ అన్నారు, నేను వెళ్లి ఎప్పట్లాగే గ్లాసులో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచి, రీడింగ్ బాగుందక్కా ఏం భయం లేదు అని చెప్పి వచ్చేశా. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. ఈసారి మెషిన్ మొత్తం విప్పా. ట్యాంక్ చూడ్డానికి శుభ్రంగానే ఉంది, కానీ కుళాయి ఊడదీస్తే రబ్బర్ వాషర్ చుట్టూ నల్లగా రింగు కట్టి ఉంది, ఇయర్ బడ్ తో తుడిస్తే పాకుడు జిగురుగా సాగుతూ వచ్చింది. అక్క పక్కనే నిలబడి చూస్తున్నారు, నాకు మాట రాలేదు. ఎందుకంటే ఆ ఇంటికి సర్వీస్ చేసింది మేమే, ఫిల్టర్లు టైముకి మార్చాం గానీ ఆ కుళాయి ఒక్కసారి కూడా విప్పలేదు.

ఆ పాకుడులో బ్యాక్టీరియా, ఫంగస్ (అంటే బూజు) కలిసి కాపురం ఉంటాయి. ఫిల్టర్ లో నీళ్లని వడగట్టే సన్నటి పొర, అదే మెంబ్రేన్, మంచిదైతే బూజు గింజల్ని (బూజు పుట్టించే విత్తనాల్లాంటి స్పోర్లని) ఆపేస్తుంది, ఆస్పర్జిల్లస్ అనే బూజు గింజ 2, 3 మైక్రాన్లు ఉంటుంది, మెంబ్రేన్ రంధ్రాలు అంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి. చిక్కంతా ఆ తర్వాతే. క్లోరిన్ ని కార్బన్ ఫిల్టర్ ముందే లాగేస్తుంది, కాబట్టి ట్యాంకులో నిల్వ ఉన్న నీళ్లకి కాపలా ఉండదు, మూత తీసినప్పుడు గాల్లోంచి పడ్డ గింజ ఏ రబ్బర్ సందులోనో హాయిగా పెరుగుతుంది. టీడీఎస్ మీటర్ కరిగిన లవణాల్నే చూస్తుంది, బూజు దానికి కనపడదు. ఇన్నాళ్లూ ఆ నంబర్ చూపించి నీళ్లు సేఫ్ అని మీకు చెప్పాం, అది తప్పు, క్షమించండి. నీళ్లలో బ్యాక్టీరియా కోసం చేసే మామూలు కోలిఫామ్ టెస్టులో కూడా ఫంగస్ లెక్క రాదు.

ఇక ఆరోగ్యం సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అలాంటి నీళ్లు తాగేసినా చాలావరకు ఏమీ అవదు, పొట్టలో యాసిడ్, ఒంట్లో రోగనిరోధక శక్తి చూసుకుంటాయి, అందుకని కంగారు పడకండి. కానీ కీమో జరుగుతున్నవాళ్లు, కిడ్నీ లాంటివి మార్పిడి చేయించుకున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే తేలిగ్గా తీసుకోకండి. 2022 లో డబ్ల్యూహెచ్ఓ ప్రమాదకరమైన ఫంగస్ లు 19 లిస్ట్ చేస్తే ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ ని అన్నిటికంటే పై గ్రూపులో పెట్టింది. అది ఎక్కువగా ఊపిరితిత్తుల్నే పట్టుకుంటుంది, అంటే తాగిన నీళ్లకన్నా షవర్ తుంపర్లు, హ్యూమిడిఫైయర్ (గదిలో గాలికి తేమ పెంచే మెషిన్) పొగమంచు పీల్చడం ఎక్కువ రిస్క్. ఆస్తమా ఉన్నవాళ్లకి కూడా బూజు పడదు. హ్యూమిడిఫైయర్ లో, ముక్కు కడుక్కోడానికి ఫిల్టర్ నీళ్లు డైరెక్ట్ గా వాడకండి, బాగా మరిగించి చల్లార్చి వాడండి. కాంటాక్ట్ లెన్స్ అయితే ఏ నీళ్లతోనూ కడగొద్దు, ఫ్యుజేరియం అనే ఫంగస్ కంట్లో చేరితే చూపుకే ముప్పు.

ఇకనుంచి ప్రతి సర్వీస్ కీ మీ కళ్లముందే కుళాయి, వాషర్, ట్యాంక్ మూత విప్పి బ్లీచ్ కలిపిన నీళ్లతో శుభ్రం చేసి, మంచినీళ్లతో బాగా కడిగి బిగిస్తాం, వాషర్ నల్లబడి ఉంటే కొత్తది వేస్తాం. దీనికి వేరే డబ్బులు తీసుకోం. మీరే చేసుకునేవాళ్లు మాత్రం బ్లీచ్ లో వెనిగర్ గానీ ఇంకే క్లీనర్ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఊరెళ్లి వస్తే ట్యాంకులో పాత నీళ్లు తాగకుండా మొత్తం పారబోయండి.

పైన చెప్పిన జబ్బులున్న వాళ్లు ఇంట్లో ఉంటే సర్వీస్ డేట్ దాకా ఆగొద్దు, ఒక్క మెసేజ్ పెట్టండి, ముందు మీ ఇంటికే వస్తాం.