మా స్టూడియో హార్డ్ డిస్కు తెరుచుకోకపోవడం గురించి మీకు చెప్పవలసినదంతా

తమ ఇంటి పెళ్ళిళ్ళు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాలు చిత్రీకరించే పనిని మా తెనాలి స్టూడియోకు అప్పగించి, ఆల్బముల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలన్నింటికీ నమస్కారం. మాఘ మాసపు ముహూర్తాలు ముగుస్తున్న రోజుల్లో మా ఎడిటింగు పని హఠాత్తుగా నిలిచిపోయింది. ఫోన్ చేసిన వారికి మా కుర్రవాళ్ళు "సిస్టమ్ బాగాలేదు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అని చెప్పారు. అలా చెప్పమన్నది నేనే. అది పూర్తి నిజం కాదు, అందుకు మిమ్మల్ని మన్నించమని కోరుతున్నాను.

ముందుగా అందరూ తెలుసుకోవాలనుకునే సంగతి చెబుతాను. చెడిపోయిన డిస్కులో 23 కుటుంబాల పని ఉంది. అందులో 16 కుటుంబాల ఫొటోలకు, వీడియోలకు మా దగ్గర రెండవ కాపీ ఉంది కనుక వాటికి ఏ దశలోనూ ప్రమాదం రాలేదు. మిగిలిన ఏడు కుటుంబాల పని ఆ ఒక్క డిస్కులోనే ఉంది. ఆ ఏడింటిలో ఆరు పూర్తిగా చేతికి వచ్చాయి. ఒక పెళ్ళికి సంబంధించి మాత్రం కొంత భాగం శాశ్వతంగా పోయింది. ఆ కుటుంబం ఇంటికి నేను స్వయంగా వెళ్ళి చెప్పిన తరువాతే ఇది రాస్తున్నాను.

ఆ డిస్కు 4 టెరాబైట్లది, 12 వోల్టుల అడాప్టరుతో నడిచే పెట్టె రకం. డిస్కు చెడిపోయిన రాత్రి, ఒక పెళ్ళి తీసిన కెమెరాల మెమరీ కార్డుల నుంచి డేటా దింపుతుండగా పది నిమిషాల వ్యవధిలో మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరుకు యూపీఎస్ ఉంది, కానీ డిస్కు అడాప్టరు మాత్రం గోడకున్న మామూలు ప్లగ్గులో ఉంది. మూడవసారి కరెంటు వచ్చేసరికి పెట్టె మీద లైటు వెలగలేదు. వేరే అడాప్టరు పెట్టి చూసినా ఫలితం లేకపోవడంతో లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోయిందని అర్థమైంది. పెట్టె విప్పి డిస్కును బయటకు తీసి, నేరుగా డెస్క్‌టాపు కంప్యూటరులోని కేబులుకు తగిలించాను. డిస్కు మామూలుగానే తిరిగింది, వింత శబ్దమేదీ రాలేదు. కానీ విండోస్ దానిని తెరవకుండా, వాడాలంటే ఫార్మాట్ చేయాలని అడిగింది. విండోస్‌లో డిస్కుల వివరాలు చూపే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే, 4 టెరాబైట్లకు విండోస్ లెక్కన 3,726 జీబీ ఉండవలసిన చోట 465.75 జీబీల భాగం ఒకటి "రా" (RAW, అంటే విండోస్ గుర్తుపట్టలేనిది) అన్న మాటతో కనిపించింది, మిగిలినదంతా ఎవరికీ కేటాయించని ఖాళీ స్థలమన్నట్టు నల్ల గీత కింద ఉంది. ఆ తెరను ఫోనుతో ఒక ఫొటో తీసుకున్నాను. ఆ రాత్రి నేను చేసిన సరైన పని అదొక్కటే అని తరువాత తెలిసింది.

మరునాడు ఉదయం పరిచయమున్న కంప్యూటరు మెకానిక్కును పిలిచాను. పార్టిషన్ టేబుల్ పాడైందని, సాఫ్ట్‌వేరుతో కొత్తది రాస్తే తెరుచుకుంటుందని ఆయన చెప్పారు. ఆయన తనకు తెలిసినంతలో చిత్తశుద్ధితోనే ప్రయత్నించారు. కానీ డిస్కుకు నకలు తీయకుండా అసలు డిస్కు మీదే రాతపని చేయడానికి ఒప్పుకున్నది నేను. సాఫ్ట్‌వేరు కొత్త పట్టికను రాసింది, పాతది చెరిగిపోయింది, డిస్కు మాత్రం తెరుచుకోలేదు. ఇక ఫార్మాట్ చేసి రికవరీ సాఫ్ట్‌వేరుతో ఫొటోలను వెతుకుదామన్న మాట వచ్చినప్పుడు నాకు భయం వేసింది. ఆ పద్ధతిలో ఫొటో ఫైలు ఎలాంటి గుర్తుతో మొదలవుతుందో ఆ గుర్తును బట్టి డిస్కంతా గాలిస్తారు. ఫొటోలు దొరకవచ్చు, కానీ ఫోల్డర్లూ పేర్లూ రావు, ముక్కలుముక్కలుగా ఉన్న పెద్ద వీడియోలు సరిగ్గా అతకవు. 23 ఇళ్ళ జీలకర్రబెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు పేరూ ఊరూ లేని లక్షల ఫైళ్ళుగా ఒకే కుప్పలో పడితే ఏది ఎవరిదో తేల్చడానికి నెలలు పడుతుంది. కేబులు పీకేసి, నకలు తీసే వరకు డిస్కును ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను.

ఈ పార్టిషన్ టేబుల్ అంటే ఏమిటో చెప్పకపోతే తరువాత జరిగినది అర్థం కాదు. డిస్కులోని స్థలం సెక్టార్లు అనే చిన్న గడులుగా ఉంటుంది. మొట్టమొదటి సెక్టారులో, పాత పద్ధతి డిస్కులలో, 64 బైట్ల పట్టిక ఒకటి ఉంటుంది. ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలు. ఫలానా విభాగం ఎన్నవ సెక్టారు దగ్గర మొదలవుతుంది, ఎన్ని సెక్టార్ల పొడవుంటుంది అన్న వివరం అందులో ఉంటుంది. పొలం ఎక్కడికీ పోకపోయినా అడంగల్ కనబడకపోతే ఆఫీసులో ఆ పొలం లేనట్టే కదా, ఇదీ అలాంటిదే. అయితే ఈ పట్టికలో సెక్టార్ల సంఖ్య మాత్రమే ఉంటుంది, ఒక్కొక్క సెక్టారు ఎన్ని బైట్లదో ఉండదు. కాగితం మీద 40 అని మాత్రమే ఉంటే, తెలంగాణ వారు దానిని 40 కుంటలుగా చదివితే ఎకరం అవుతుంది, మన వైపు వారు 40 సెంట్లుగా చదివితే ఎకరంలో సగం కూడా కాదు. మా డిస్కుకు వచ్చిన జబ్బు సరిగ్గా ఇదేనని తెలుసుకోవడానికి నాకు మరో నాలుగు రోజులు పట్టింది.

సికింద్రాబాద్‌లో కంప్యూటరు సామాను అమ్మే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) నుంచి 8 టెరాబైట్ల కొత్త డిస్కు తెచ్చాను. 4 టెరాబైట్ల డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపాలంటే అంతకంటే పెద్ద డిస్కు తప్పదు. లినక్స్ మీద నడిచే డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు వరకు ఉన్నదున్నట్టు నకలు తీశాము. ముందు తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ చదివేసి, మొరాయించే చోట్లను చివరికి వదిలిపెట్టి మళ్ళీ ప్రయత్నించడం, ఎక్కడి వరకు వచ్చిందో ఒక చిట్టా రాసుకోవడం దాని పద్ధతి. మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే కొనసాగుతుంది. ఈసారి డిస్కులు రెండింటినీ యూపీఎస్ మీదే పెట్టాము. మొదటి విడతకు పదకొండు గంటలు పట్టింది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలలో, చదవడానికి అనుమానంగా ఉన్న సెక్టార్లు 24 కనిపించాయి. అవి చివరికీ చదవబడలేదు. వాటిలో ఎక్కువ భాగం ఖాళీ స్థలంలో ఉన్నాయి, ఒకటి రెండు మాత్రం మా దగ్గర రెండవ కాపీ ఉన్న ఒక వీడియో క్లిప్పులో పడ్డాయి.

నకలు చేతిలో ఉన్నాక పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేరును దాని మీద నడిపాము. రెండు రోజులు ఏదీ కుదరలేదు. విభాగం మొదలు దొరికినట్టే కనిపించేది, పొడవు దగ్గర లెక్క తప్పేది. మూడవ రోజు రాత్రి ఫోనులోని ఆ మొదటి ఫొటోను మళ్ళీ తీసి చూస్తూ 465.75ను ఊరికే 8తో గుణించాను. సరిగ్గా 3,726 వచ్చింది. అంటే మేము చెరిపేసే నాటికి పాత పట్టిక పాడవలేదు, అందులోని సంఖ్యలు సరైనవే. చదివే కొలత మాత్రమే ఎనిమిదో వంతుకు కుదించుకుపోయింది.

కారణం ఆ కాలిపోయిన బోర్డులో ఉంది. మామూలుగా కంప్యూటరు సెక్టారును 512 బైట్లుగా లెక్కిస్తుంది. పాత పద్ధతి పట్టికలో సెక్టారు సంఖ్యకు 32 బిట్ల చోటే ఉంటుంది కాబట్టి, 512 లెక్కన 2 టెరాబైట్లు దాటి చెప్పడం సాధ్యం కాదు. విండోస్ ఎక్స్‌పీ వంటి పాత సిస్టములు ఆ పాత పట్టికనే చదవగలిగేవి. పెద్ద డిస్కును వాటిలోనూ పనిచేయించడానికి, కొన్ని పెట్టెలలోని బోర్డులు సెక్టారు 4096 బైట్లదని కంప్యూటరుకు చెబుతాయి. అదే సంఖ్యతో ఎనిమిది రెట్ల స్థలం చెప్పవచ్చు, హద్దు 16 టెరాబైట్లకు పెరుగుతుంది. ఆ పెట్టెలో ఉన్నంత కాలం అంతా సవ్యంగా నడుస్తుంది. డిస్కును బయటకు తీసి నేరుగా తగిలించిన క్షణంలో కొలత మళ్ళీ 512కు మారిపోతుంది. నేను పెట్టె విప్పిన రాత్రే సమస్య పుట్టింది. మేము మరమ్మతు అనుకుని రాసిన కొత్త పట్టిక కూడా 512 లెక్కలోనే ఉంది కనుక పనిచేయలేదు, పైగా సరిగ్గా ఉన్న పాత పట్టికను తుడిచేసింది.

ఇంకొక భయం మిగిలింది. కొన్ని పెట్టెలలోని బోర్డులు యజమానికి తెలియకుండానే డేటాను సంకేత భాషలోకి మార్చి రాస్తాయి. మాది అలాంటిదైతే బోర్డు కాలిపోవడంతోనే తాళంచెవి పోయినట్టు. విండోస్ సాధారణంగా విభాగాన్ని 10,48,576వ బైటు దగ్గర మొదలుపెడుతుంది. నకలులో సరిగ్గా అక్కడ తెరిచి చూస్తే, విండోస్ ఫైళ్ళను అమర్చే పద్ధతి పేరైన "ఎన్‌టీఎఫ్‌ఎస్" అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు స్పష్టంగా కనిపించాయి, అంటే డేటా సంకేత భాషలో లేదు. ఆ తరువాతి బైట్లలో సెక్టారు పరిమాణం 4096 అని కూడా ఉంది. నాకు కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సంకోచించడం లేదు. ఆ చోటు నుంచి మొదలవుతుందని, సెక్టారు 4096 బైట్లని చెప్పి, రాయడానికి వీలులేకుండా చదవడానికి మాత్రమే తెరిచాము. ఫోల్డర్లన్నీ మీ మీ ఇంటిపేర్లతో, తేదీలతో, మేము పెట్టిన వరుసలోనే ఉన్నాయి.

ఇక పోయినదాని గురించి. ఆ రాత్రి మొదటి కార్డు డిస్కులోకి దిగినట్టు తెర మీద చూపింది. తెల్లవారుజామున మరొక ముహూర్తం ఉండటంతో ఆ కార్డును ఫార్మాట్ చేసి కెమెరాలో పెట్టమని నేను చెప్పాను. కొద్ది నిమిషాలకే కరెంటు ఆట మొదలైంది. చివరగా దిగిన 214 ఫొటోలకు పేర్లు ఉన్నాయి, లోపల అన్నీ సున్నాలే. కార్డు మీద అప్పటికే మరో పెళ్ళి చిత్రీకరణ జరిగిపోయింది కనుక అందులోనూ దొరకలేదు. అవి పెళ్ళికూతురు మంగళస్నానాల ఫొటోలు. అదే కార్యక్రమాన్ని వీడియో తీసిన రెండవ కెమెరా కార్డు భద్రంగా ఉంది. దానిలోంచి తీయగలిగిన చిత్రాలను తీసి, బంధువుల ఫోన్లలోని ఫొటోలతో కలిపి ఆ పేజీలు చేస్తున్నాము. అవి నేను తీసిన వాటికి సాటిరావని నాకు తెలుసు. ఆ కుటుంబం ఇచ్చిన అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చాను, ఆల్బముకు బ్యాలెన్సు తీసుకోను. ఆ తల్లిగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. ఆ మౌనం నన్ను ఇంకా వదలలేదు.

ఫొటోల సెలెక్షన్ ఇప్పటికే ఇచ్చిన వారి ఆల్బములు ఉగాదిలోగా అందజేస్తాము. సెలెక్షన్ ఇవ్వవలసిన వారికి ఈ వారాంతానికి ఫొటోలు పంపుతాము, వారు ఎంపిక చేసి ఇచ్చిన నాటి నుంచి ఇరవై రోజులు పడుతుంది. వీడియోలు ఇంకా ఆలస్యమవుతాయి, శ్రీరామనవమి దాటవచ్చు. 23 కుటుంబాలలో ఎవరి దగ్గరా ఆల్బము చేతికి ఇచ్చే వరకు బ్యాలెన్సు అడగము. ఆలస్యం కారణంగా పని వద్దనుకునే వారికి అడ్వాన్సు తిరిగి ఇచ్చి, తీసిన ఫొటోలన్నీ కూడా ఇచ్చేస్తాము.

మా పద్ధతి మార్చుకున్నాము. ఏ కార్డునూ రెండు డిస్కులలోకి దింపి, రెండింటిలోనూ ఫైళ్ళు తెరిచి చూసే వరకు ఖాళీ చేయము. అందుకోసం అదనంగా ఆరు కార్డులు కొన్నాను. రెండవ డిస్కు స్టూడియోలో కాకుండా మా ఇంట్లో ఉంటుంది. కార్యక్రమం జరిగిన పది రోజులలో ఎడిటింగుకు ముందరి ఫొటోలన్నీ మీకు ఇచ్చేస్తాము, ఒక పెన్‌డ్రైవ్ లేదా డిస్కు తెచ్చుకుంటే చాలు, దానికి రుసుము లేదు.

మేము ఇచ్చిన డేటాను ఇలాంటి పెట్టె డిస్కులలో దాచుకున్న వారు మీలో చాలామంది ఉన్నారు. ఎప్పుడైనా అది తెరుచుకోక, ఫార్మాట్ చేయాలని కంప్యూటరు అడిగితే ఒప్పుకోకండి, పెట్టె విప్పకండి, తెర మీద ఏమి కనిపిస్తుందో ఫొటో తీసుకుని మాకు చూపించండి. లోపలి నుంచి టిక్కుటిక్కుమనే శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. అలాంటి డిస్కును ప్రత్యేక ల్యాబుకే పంపాలి, మా వల్ల కాదు.

పాత డిస్కును ఇక వాడము. దానిని, దాని నకలును మా ఇంటి బీరువాలో విడివిడిగా భద్రపరిచాను. జూన్ నెలాఖరు వరకు ఏదీ చెరపను. మీ ఫోల్డరులో ఏ కార్యక్రమమైనా, ఒక్క ఫొటో అయినా తక్కువగా అనిపిస్తే ఆలోగా ఉదయం పది నుంచి ఒంటి గంట మధ్య స్టూడియోకు రండి. మీ ఎదుటే తెరిచి వెతుకుతాను.