మతం మారకుండా పెళ్లి చేసుకునేవాళ్లకు దారి ఇవ్వండి: రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ మంత్రిగారికి,
హైదరాబాద్.

అయ్యా, నమస్కారం.

మీ శాఖ అనగానే జనానికి భూములు, ప్లాట్లు, మార్కెట్ విలువలు గుర్తొస్తాయి. మీ టేబుల్ మీదికి వచ్చే ఫైళ్లూ ఎక్కువగా అవే అయి ఉంటాయి. కానీ అవే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పెళ్లిళ్లు కూడా జరుగుతాయి. ఒక హిందువూ ఒక ముస్లిమూ ఎవరి మతంలో వాళ్లుంటూ చట్టబద్ధంగా పెళ్లి చేసుకోవాలంటే ఈ దేశంలో ఉన్న దారి ఒక్కటే, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఆ దారిలో వెళ్దామనుకున్న పిల్లలకు మీ ఆఫీసుల్లో ఏం ఎదురవుతోందో, అందులో మీ చేతిలో ఉన్నదేమిటో చెబుదామని ఈ లేఖ.

నేను హిందువును. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను, ఆషాఢంలో బోనం ఎత్తుతాను. బ్యాంకులో చేసి రిటైరై సరూర్‌నగర్‌లో ఉంటున్నాను. ఇది హిందువుగానే రాస్తున్నాను. హిందూ ధర్మాన్ని కాపాడుతున్నామంటూ కొందరు ఇలాంటి జంటల వెంట పడుతుంటే, అది మా తరఫున కాదని చెప్పాల్సింది మేమే కదా. అమెరికాలో కొందరు హిందువులు 2019లో హిందూస్ ఫర్ హ్యూమన్ రైట్స్ అని ఒక సంస్థే పెట్టుకున్నారు. మాకిక్కడ సంఘమూ లేదు, లెటర్‌హెడ్డూ లేదు. సాయంత్రం పూట గుడి దగ్గర కలిసే కొద్దిమందిమి, అంతే.

చట్టం సంగతి మీ అధికారులకు తెలుసు, చదివేవాళ్ల కోసం చెబుతాను. పెళ్లి చేసుకోదలచినవాళ్లు ముందు మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అప్పటికి కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. పేరు, వయసు, వృత్తి, చిరునామా అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఒక పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ పుస్తకాన్ని ఎవరైనా వచ్చి పైసా కట్టకుండా తిరగేయొచ్చు. కాపీని ఆఫీసులో నలుగురికీ కనబడే చోట అంటిస్తారు. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అన్నిటికన్నా భయపెట్టేది 6వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. అమ్మాయిదో అబ్బాయిదో శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే ఒక కాపీ అక్కడి ఆఫీసుకూ వెళ్తుంది, అక్కడా గోడకెక్కుతుంది. హిందూ వివాహ చట్టం కింద చేసుకునే పెళ్లికి ఇలాంటి ముందస్తు నోటీసు ఏదీ లేదు. నిఖాకూ లేదు.

ఆ మధ్య ఒక జంటకు సాక్షి సంతకం పెడతానని ఒప్పుకుని వాళ్లతో ఒక ఆఫీసుకు వెళ్లాను. ఈ పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి. కన్నవాళ్లు రాని పెళ్లిళ్లకు మాలాంటి రిటైరైనవాళ్లే దిక్కు. ఏ ఆఫీసో చెప్పను. నోటీసు బోర్డు లోపల లేదు. మెట్ల పక్కన, డాక్యుమెంట్ రైటర్ల బెంచీలకు ఎదురుగా ఉంది. ఆస్తి మీద లావాదేవీలు చూపించే ఈసీ పత్రం కోసం వచ్చినవాళ్లు, జిరాక్స్ తీయించుకునేవాళ్లు, తమ స్లాట్ కోసం ఎదురుచూసేవాళ్లు, పొద్దుపోక అందరూ దాన్నే చదువుతున్నారు. గడువు తీరిన నోటీసులు తీసేయకుండా వాటి మీదే కొత్తవి అంటించారు. ఎప్పుడో పెళ్లయిపోయిన జంటల చిరునామాలు కూడా ఎండకు వెలిసిపోయి అలాగే వేలాడుతున్నాయి. ఒక కుర్రాడు వరసపెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటున్నాడు. ఎందుకు బాబూ అంటే "ఊరికే ఆంటీ" అన్నాడు. ఊరికే ఎవరు తీస్తారండీ?

అమ్మాయిది ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్నం. కాపీ అక్కడికీ పంపుతామని గుమస్తా చెప్పగానే మొహం పాలిపోయింది. "అక్కడ ఆఫీసు ముందు మా మేనమామే డాక్యుమెంట్ రైటర్ ఆంటీ" అంది నాతో. అది చాలనట్టు ఆ గుమస్తా, "పేరెంట్స్‌ని ఒకసారి తీసుకురండమ్మా, మాకూ టెన్షన్ ఉండదు" అన్నాడు. ఇద్దరూ మేజర్లు, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు. తల్లిదండ్రుల్ని తీసుకురావాలని చట్టంలో ఎక్కడా లేదు. పిల్లలిద్దరూ బయటికొచ్చి టీ కొట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నోటీసు ఇవ్వలేదు. కొన్నాళ్లకే ఇద్దరిలో ఒకరు మతం మారి పెళ్లి కానిచ్చేశారు. ఎవరు మారారో చెప్పను. ఇటూ జరుగుతుంది, అటూ జరుగుతుంది.

నా బాధంతా ఇక్కడే. బ్రిటిష్ కాలంలో 1872లో వచ్చిన చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అని ప్రకటించుకోవాల్సి వచ్చేది. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము చేసుకునే పెళ్లిళ్లకు 1923లో ఆ షరతు సడలించారు. 1954 చట్టం దాన్ని అందరికీ ఎత్తేసింది. నీ దేవుణ్ణి నువ్వు కొలుచుకో, ఆమె దేవుణ్ణి ఆమె కొలుచుకుంటుంది అన్న చట్టం అది. మతమార్పిడుల మీద గొంతు చించుకునేవాళ్లు, వాళ్లు మావాళ్లయినా సరే, ఈ చట్టాన్ని నెత్తిన పెట్టుకోవాలి. కానీ ఆ నోటీసులకు ఫొటోలు తీయించి వాట్సాప్‌లో తిప్పేదీ, తల్లిదండ్రులకు ఫోన్లు చేసేదీ వాళ్లలోనే కొందరు. నెల రోజులు గోడ మీద వేలాడే ధైర్యం లేక పిల్లలు ఆర్యసమాజ్‌లో శుద్ధి చేయించుకుని హిందువుగా మారి ఒక్క పూటలో దండలు మార్చుకుంటున్నారు, లేదా కలిమా చదివి ముస్లింగా మారి నిఖా చేసుకుంటున్నారు. నమ్మి మారితే అది వాళ్ల హక్కు, రాజ్యాంగం 25వ అధికరణలో ఇచ్చిందే. నోటీసుకు జడిసి మారడం ఏ మతానికి గొప్ప?

ఈ భయం ఉత్తుత్తిది కాదు. 2022 మే 4న మా సరూర్‌నగర్‌లోనే, ముస్లిం అమ్మాయిని పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి ఆమె అన్న నడిరోడ్డు మీద చంపాడు. ఆ అమ్మాయి అడ్డుపడి చుట్టూ ఉన్నవాళ్లను బతిమాలుకుంటుంటే కొందరు వీడియోలు తీశారు. ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఆ హత్యను బహిరంగ సభలో ఖండించారు, ఇస్లాం ప్రకారం కూడా ఘోర నేరమన్నారు. మావైపు కొందరికి మాత్రం అది ముస్లింల మీద కోపం రాజేసే సరుకైంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్లెదుటే, ఆసుపత్రి బయట, మరో దళిత యువకుణ్ణి నరికేసినప్పుడు వీళ్ల గొంతు లేవలేదే! అక్కడ చేయించింది హిందువైన అమ్మాయి తండ్రే అని పోలీసులు తేల్చారు. ఆ కేసులో నల్గొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. చంపినవాడి మతాన్ని బట్టి ఏడ్చేవాళ్ల ఏడుపు నాకు అక్కర్లేదు.

మన సంప్రదాయం ఇలాంటివి ఒప్పుకోదనేవాళ్లు సంప్రదాయం ఎంత చూశారో తెలీదు. వేంకటేశ్వరస్వామికి ముస్లిం ఆడపడుచు బీబీ నాంచారమ్మను ఇచ్చి పెళ్లి చేసింది మన తెలుగు జనమే. దేవుని కడపలో ఈనాటికీ ఉగాది నాడు ముస్లింలు గుడికొచ్చి స్వామిని తమ ఇంటి అల్లుడని కొలుస్తారు. కణ్వుడు ఆశ్రమంలో లేనప్పుడే శకుంతల దుష్యంతుణ్ణి గాంధర్వ వివాహం చేసుకుంది, తిరిగొచ్చిన ఆయన కాదనలేదు. (కులీ కుతుబ్‌షా, భాగమతిల ప్రేమకథ నిజమా కాదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు కాబట్టి ఆ జోలికి పోను.) కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు కూడా ధర్మం మంటగలిసిందనే అరిచారు. ఆయన పక్కన నిలబడ్డవాళ్లూ హిందువులే.

పార్లమెంటు చేసిన చట్టాన్ని మీరు మార్చలేరని తెలుసు. అలహాబాద్ హైకోర్టు 2021 జనవరి 12న, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలి, వద్దంటే ప్రచురించకుండానే పెళ్లి జరిపించాలి అని తీర్పిచ్చింది. దాన్ని మన దగ్గర పాటించవచ్చా అని అడ్వకేట్ జనరల్ గారిని ఒక్క మాట అడగండి. ఆయన కుదరదన్నా మీరు ఒక సర్క్యులర్‌తో చేయగలిగినవి చాలా ఉన్నాయి. కనబడే చోట అంటే మెట్ల పక్కన అనే కాదు, మ్యారేజ్ ఆఫీసర్ గది లోపల అద్దాల బోర్డు పెట్టి తాళం వేసినా చట్టానికి సరిపోతుంది. 30 రోజులు కాగానే నోటీసు తీసేయాలి. ఫొటోలు తీయనివ్వకూడదు. ఇంటర్నెట్‌లో పెట్టకూడదు, కేరళ ప్రభుత్వం 2020లోనే ఆ పని మానేసింది. ఇళ్లకు ఉత్తరాలు పంపడం, తల్లిదండ్రుల్ని పిలిపించడం పూర్తిగా ఆగాలి. ఇంటి చిరునామాకు నోటీసు పంపడం చట్టంలో లేని పని అని ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పింది.

అభ్యంతరాల మాటకొస్తే, చట్టం ఒప్పుకునే కారణాలు నాలుగే: వయసు చాలకపోవడం, అంతకుముందే పెళ్లయి భర్తో భార్యో బతికి ఉండడం, నిషిద్ధ బంధుత్వం, సమ్మతి ఇవ్వగల మానసిక స్థితి లేకపోవడం. మా పరువు పోతుందన్నది వాటిలో లేదు. అయినా ఎవరో వచ్చి కౌంటర్ దగ్గర నాలుగు కేకలేస్తే చాలు, ఫైలు పక్కకు పోతోంది. అభ్యంతరాన్ని పుస్తకంలో రాయించుకుని, చదివి వినిపించి, చెప్పినవాళ్ల చేత సంతకం పెట్టించుకోవాలని 7వ సెక్షన్ అంటోంది. సంతకం అనగానే సగంమంది వెళ్లిపోతారు, బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నదాన్ని కనుక చెబుతున్నా. దురుద్దేశంతో వేసిన అభ్యంతరానికి 1,000 రూపాయల దాకా ఖర్చులు కట్టించే అధికారం 9వ సెక్షన్ ఇచ్చింది. 1954లో అది పెద్ద మొత్తమే. ఇప్పుడు నలుగురు బిర్యానీ తిన్నా చాలదు. అయినా ఒక్కసారి వేసి చూపించమనండి.

నోటీసు లేకపోతే పెళ్లయినవాడు మళ్లీ మోసం చేస్తాడు కదా అని అడుగుతారు. నిజమే, అలాంటి మోసాలు జరుగుతాయి. కానీ గుడిలో తాళి కట్టేవాడు రెండో పెళ్లి చేసుకుంటున్నాడేమో అని మనం నెల రోజులు గోడకు కాగితం అంటించడం లేదు. ఆధార్, వయసు పత్రాలు, అఫిడవిట్ తీసుకుంటున్నారు, అబద్ధమని తేలితే కేసు పెట్టే చట్టాలున్నాయి. ఆ మాత్రం జాగ్రత్త ఈ పెళ్లికీ చాలు.

ఇంకొకటి మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, హోం శాఖనూ కలుపుకోవాలి. పరువు హత్యల మీద శక్తివాహిని సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 27న ఇలాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాలని చెప్పింది. జిల్లా కేంద్రాల్లో సేఫ్ హౌస్‌లు ఉండాలని, నామమాత్రపు ఛార్జీతో నెల, అవసరమైతే ఏడాది దాకా అక్కడ ఉండనివ్వాలని చెప్పింది. నోటీసు తీసుకున్న రోజే ఆ నంబరు, ఆ చిరునామా రాసిన కాగితం జంట చేతిలో పెట్టండి. గుమస్తాకు ఒక నిమిషం పని.

ప్రస్తుతం ఇంకో జంట మా దగ్గరికి వచ్చి ఉంది. కాగితాలన్నీ సిద్ధం, నోటీసు మాత్రం ఇంకా ఇవ్వలేదు. అబ్బాయిది ఈ ఊరే, అమ్మాయిది వేరే జిల్లా. మతం మారడం ఇద్దరికీ ఇష్టం లేదు. మీ సర్క్యులర్ వచ్చేదాకా ఆగమనాలా, ఆగొద్దు ఆఫీసుకు వెళ్లండి అనాలా, మీ పేషీ నుంచి ఎవరైనా చెబితే వాళ్లకు అదే చెబుతాను.

ఇట్లు,
ఒక హిందూ పౌరురాలు,
సరూర్‌నగర్, హైదరాబాద్.