నక్షత్రం గుర్తు చెప్పినందుకు గ్రూపులోంచి తీసేస్తారా?

సంపాదకులకు,

పాలమూరు, నల్లగొండ, వనపర్తి వైపు పాత నాణేలు పోగుచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం సభ్యుడు దాదాపు తప్పకుండా ఉంటాడు. పొద్దున్నే పూల బొమ్మ పెట్టడు. ఎవరి పుట్టినరోజుకూ చేతులు జోడించడు. కానీ ఎవరో రెండు రూపాయల బిళ్ల ఫొటో పెట్టి "సంవత్సరం అంకెల కింద నక్షత్రం పడ్డది, మింట్ ఎర్రర్, ఐదువేలకిస్త" (టంకశాలలో ముద్ర తప్పుపడిన బిళ్ల అని) అన్నారనుకోండి, నిమిషంలో దిగుతాడు. "ఎర్రర్ కాదు. నక్షత్రం హైదరాబాద్ మింట్ గుర్తు. డైమండ్ ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. దీని విలువ రెండు రూపాయలు." అంతటితో ఆగడు. హైదరాబాద్ మింట్ ఒకప్పుడు వాడిన చీలిన డైమండ్, చుక్క ఉన్న డైమండ్ గురించి ఇంకో పది మెసేజ్‌లు పెడతాడు. "ఏం భయ్, మస్తు ఎక్కువ మాట్లాడుతున్నవ్" అని ఎవరో అంటారు. దానికీ జవాబిస్తాడు, లెక్కపెట్టి: "పదకొండు మెసేజ్‌లే." సాయంత్రానికి అతను గ్రూపులో ఉండడు.

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. తీసేసింది చెప్పిన తీరుకు. ముక్కుసూటిగా మాట్లాడేవాళ్లందరికీ ఆటిజం ఉందని మేం అనడం లేదు. కానీ ఇలా బయటికి పోతున్నవాళ్లలో ఆటిజం ఉన్నవాళ్లు ఉన్నారు, పెద్దవయసు వచ్చినా తమకు ఉందని తెలియనివాళ్లూ ఉన్నారు. ఆటిజం ఉన్నవాళ్లం, ఇట్లాంటి గ్రూపులు నడిపేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది.

ఆటిజం జబ్బు కాదు, పుట్టుకతో వచ్చే మెదడు తీరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. చాలామందిలో ధ్యాస ఒకేచోట లోతుగా దిగుతుంది, దిగినచోటు నుంచి లాగితే కష్టమవుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని "నాణేల పిచ్చి" అంటారు. మాటలో చెప్పకుండా వదిలేసిన అర్థం మాత్రం అందదు. డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తానూ ఆటిజం ఉన్న మనిషే, 2012లో ఒక సంగతి రాశాడు: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది, ఆటిజం లేనివాళ్లకూ ఎదుటివాడు అర్థం కావడం లేదు. గ్రూపుల్లో కొట్లాటలు చూస్తే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమనిపిస్తుంది.

మన భాషలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఎవరిని అన్నా అనాలి, ఎవరిని సార్ అనాలి, ఎవరిని తమ్మీ అంటే నొచ్చుకుంటారు, ఇవేవీ ఎక్కడా రాసి ఉండవు. ఆటిజం ఉన్న సభ్యుడు ఆ గొడవే లేకుండా అందరికీ "మీరు" అని ఊరుకుంటాడు, లేదా పిలుపే లేకుండా మొదలుపెడతాడు. అరవై ఏళ్ల పెద్దమనిషికి అది పొగరుగా కనిపిస్తుంది. ఇక "చూద్దాం తమ్మీ" అనే మాట. కొనేవాడి నోట్లో దానికి అర్థం "వద్దు" అని మనందరికీ తెలుసు. ఆటిజం ఉన్న అమ్మకందారు మాత్రం ఆ నాణేన్ని కవర్‌లో పెట్టి, పైన ఆయన పేరు రాసి, మూడు వారాలు ఆగుతాడు. ఆ తర్వాత "చూశారా?" అని రోజూ అడుగుతాడు. వెంటపడుతున్నాడని అడ్మిన్‌కు ఫిర్యాదు పోతుంది. "వద్దు, థ్యాంక్స్" అని మొదటిరోజే రాసి ఉంటే ఈ కథే లేదు.

అడ్మిన్లు చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. "మర్యాదగా ఉండాలి" అనేది నియమం కాదు, దాన్నిబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. "ఒక పోస్టు మీద ఒకరు వరుసగా మూడు మెసేజ్‌లకు మించి పెట్టవద్దు, ఇంకా ఉంటే అన్నీ ఒకే మెసేజ్‌లో రాయండి" అనేది నియమం. "రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా పోస్టులు వద్దు" అనేది నియమం. అమ్మకం పోస్టుకు ఒక నమూనా పిన్ చేయండి: ముందు వెనక ఫొటోలు, సంవత్సరం, మింట్ గుర్తు, మిల్లీమీటర్లలో వ్యాసం, గ్రాములో వందోవంతు దాకా బరువు, ధర, ఎప్పటిదాకా అమ్మకానికి ఉంటుంది. జేబు త్రాసు ఉంటే చాలు, బరువు చాలా నిజాలు బయటపెడుతుంది. బ్రిటిష్ వెండి రూపాయి సరిగ్గా పాత తులం, అంటే 11.66 గ్రాములు. నిజాం రాజ్యపు సొంత నాణెం హాలీ సిక్కా రూపాయి 11.18 దగ్గర ఉంటుంది. అరిగితే కొంచెం తగ్గుతుంది గానీ పెరగదు. ఈ నమూనా ఆటిజం ఉన్నవాళ్ల కోసమే అనుకోకండి, మోసగాళ్లు ముందుగా పారిపోయేది దీన్ని చూసే.

గుర్తింపు అడిగే పోస్టులు, అమ్మకాలు, ముచ్చట్లు మూడూ ఒకేచోట కలిపితే రోజుకు మూడొందల మెసేజ్‌లు వస్తాయి. కొంతమంది ఆటిజం సభ్యులు వాటిని ఒక్కటీ వదలకుండా చదువుతారు. చదవలేక చదవలేక ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారు. మూడు గ్రూపులు చేసి, గుర్తింపు గ్రూపులో పలకరింపులు అక్కర్లేదని రాసిపెట్టండి. అక్కడ "అన్నా" లేకపోయినా ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. వాయిస్ మెసేజ్ ఇంకో తలనొప్పి. నాలుగు నిమిషాల వాయిస్‌లో వెనక బస్టాండు హారన్లు, మధ్యలో నాణెం సంగతి రెండే ముక్కలు. మాట విని వెంటనే పట్టుకోవడం చాలామంది ఆటిజం ఉన్నవాళ్లకు కష్టం, కాబట్టి కింద రెండు లైన్లు టైపు చేయండి.

తీసేయాల్సి వస్తే ముందు విడిగా రాయండి. ఏ మెసేజ్, దాంతో ఇబ్బంది ఏంటి, బదులుగా ఏం చేయాలి, ఈ మూడూ ఉండాలి. "మీ పద్ధతి బాగాలేదు" అంటే అతను పాత మెసేజ్‌లన్నీ రాత్రంతా వెతుక్కుంటాడు, ఏది తప్పో దొరకదు. ఎగతాళి అసలే వద్దు. "ఓహో, మహా పండితుడివి" అంటే కొందరు కృతజ్ఞతలు చెబుతారు, గ్రూపంతా నవ్వుతుంది. అతనికి ఆలస్యంగా తెలుస్తుంది, కానీ తెలుస్తుంది. సర్టిఫికెట్ అడగడం, ఫలానావాడికి ఆటిజం అని గ్రూపులో ప్రకటించడం కూడా మంచి ఉద్దేశంతో చేసే తప్పులే. చెప్పుకోవడం, చెప్పకపోవడం అతని ఇష్టం.

ఆటిజం ఉన్న సభ్యులకూ ఒక మాట. సరిదిద్దే ముందు ఒక వాక్యం ఫొటో గురించి రాయండి, తర్వాత విషయం, ఆ తర్వాత ఆపండి. "ఫొటో స్పష్టంగా ఉంది. సంవత్సరం అంకెల కింద నక్షత్రం హైదరాబాద్ మింట్ గుర్తు. ఎర్రర్ కాదు." మిగతా చరిత్ర అడిగితే చెప్పండి. ఇది లొంగిపోవడం కాదా అని అడిగేవాళ్లున్నారు. కొంత అవును. అందుకే భారమంతా వాళ్లమీదే పెట్టవద్దని పైన అంత రాశాం.

ఈ మనుషులు పోతే గ్రూపుకు ఏం నష్టమో నిజాం కాలపు చార్మినార్ రూపాయిని చూస్తే తెలుస్తుంది. మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం మీద చార్మినార్ ద్వారంలో ఆయన పేరు మొదటి ఉర్దూ అక్షరం, మీమ్, ఉంటుంది. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం మీద అదేచోట ఆయన పేరు మొదటి అక్షరం ఐన్ ఉంటుంది. మీమ్‌కు చిన్న గుండ్రటి తల, ఐన్‌కు తెరిచిన నోరు. రాజు మారింది 1911లో, అంటే ఆ నాణేల మీద వేసే ఇస్లామీయ లెక్కలో హిజ్రీ 1329లో. ఆ సంవత్సరం దగ్గర అంకెలొక్కటే చదివితే చాలదు, ద్వారంలోకి తొంగిచూడాలి. పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటోలో గోటి కొనంత కూడా లేని ఆ అక్షరాన్ని గంటసేపు చూసే ఓపిక ఎంతమందికి ఉంది? చింతపండుతో తోమిన వెండి నాణెం విలువ ఎందుకు పడిపోతుందో నూరోసారి కూడా విసుక్కోకుండా చెప్పేదీ ఆ మనిషే. తోమితే మచ్చతోపాటు ఏళ్లతరబడి పట్టిన పైపొర పోతుంది, సన్న గీతలు పడతాయి, సేకరించేవాళ్లు ఆ గీతలు చూడగానే పక్కన పెట్టేస్తారు.

నేరుగా కలుసుకునే రోజున "ఆదివారం పొద్దున రండి" అని వదిలేయకండి. 10:30కు మొదలు, 12:30కు ముగింపు, ఏ గది, ఎంతమంది, మైకు ఉందా లేదా, ఇవన్నీ ముందురోజే రాయండి. మారితే మారిందని రాయండి. బయట నీడలో ఒక కుర్చీ వేసి ఉంచండి. అక్కడికి వెళ్లి కూర్చున్నవాళ్లను "ఏమైంది, ఏమైంది" అని చుట్టుముట్టవద్దు.

చివరిగా పత్రికలకు ఒక ఫిర్యాదు. "మీ ఇంట్లో ఈ ఐదు రూపాయల నోటు ఉందా? లక్షలు మీవే" అనే శీర్షికలు వెబ్‌సైట్లలో ఇంకా వస్తూనే ఉన్నాయి. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది: తమ పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేల లావాదేవీలకు చార్జీలు, కమీషన్, పన్ను అడుగుతున్నారని, ఆ వ్యవహారాలతో తమకు సంబంధం లేదని. అచ్చులో ఉన్నదాన్ని ఉన్నది ఉన్నట్టు నమ్మే పాఠకుడు ఆ శీర్షిక చదివి, ఫోన్ చేసి, "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టేస్తాడు. అలా పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత ఆలస్యమైతే అంత కష్టం. ఆ శీర్షిక కింద ఆ నంబరైనా వేయండి.

ఇట్లు,
కొందరు నాణేల సేకరణదారులు,
మహబూబ్‌నగర్, నల్లగొండ